లెక్కకు అందని ఇళ్ళు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ యీ సభలో జకాత్ గురించో, పిల్లల చదువు గురించో, వరకట్నాల గురించో మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. యీసారి లెక్కల గురించి మాట్లాడతామంటే కార్యదర్శిగారు కాస్త సందేహించారు. "భోజనాల వేళ దగ్గరపడుతుంటే లెక్కలెవరు వింటారు?" అన్నారు. మధ్యలో బిర్యానీ ప్రస్తావన కూడా వస్తుందని చెప్పి వారిని ఒప్పించాము.

మన పిల్లలకు పదో తరగతిలో సాంఖ్యక శాస్త్రమని ఒక పాఠం ఉంది. సగటు, మధ్యగతం, బాహుళకం కట్టమంటారు. పట్టిక వాళ్ళే ఇస్తారు, సూత్రమూ వాళ్ళే ఇస్తారు. పిల్లవాడు జాగ్రత్తగా కూడి, భాగించి, జవాబు కింద రెండు గీతలు కొడతాడు. మార్కులు వస్తాయి. కాని ఆ పట్టికలోని అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి, ఎవరిని అడిగి రాశారు, ఎవరిని అడక్కుండా వదిలేశారు అన్న ప్రశ్న ఆ లెక్కలో చాలాసార్లు రానే రాదు. మేమూ అలాగే చదువుకున్నవాళ్ళమే. అందుకే మన సంఘం పెట్టుకున్న సర్వేలో పెద్ద పొరపాటు చేశాము. చేసింది మేమే కనుక మీ ముందు చెప్పుకోవడానికి మాకు మొహమాటం లేదు.

జరిగింది యిది. సంఘం దగ్గర చదువుల కోసం కొంత సొమ్ము కూడింది. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో మన కుటుంబాలనే అడిగి తేల్చుకుందామని కమిటీలో అనుకున్నాము. మంచి ఆలోచనే. ఒక శుక్రవారం జుమా నమాజు కాగానే మసీదు గుమ్మం దగ్గర మన కుర్రాళ్ళు నిలబడి ఫారాలు పంచారు. ఎంతమంది పిల్లలు, ఏం చదువుతున్నారు, ఏ సాయం కావాలి అని మూడే ప్రశ్నలు. మరుసటి వారానికి మంచి కట్టే తిరిగి వచ్చింది. కూర్చొని లెక్క కట్టాము. దాదాపు అందరి పిల్లలూ బడిలోనో కాలేజీలోనో ఉన్నారు. ఎక్కువమంది అడిగింది ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు కోచింగ్. మన జనం ఇంత ముందుకు వచ్చారా అని సంతోషపడ్డాము. సొమ్ము మొత్తం కోచింగ్ ఫీజులకే ఇద్దామని తీర్మానం కూడా దాదాపు రాసేశాము.

ఆ వారంలోనే వేరే పనిమీద ఒక బస్తీలోకి వెళ్ళినప్పుడు ఒక తల్లి ఎదురుపడింది. భర్త లేడు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది తొమ్మిదితో బడి మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఫారం నింపారా అమ్మా అని అడిగితే ఆమె అన్నమాట మేము మరిచిపోలేదు. "మా ఇంట్ల మసీదుకు పోయేటోళ్ళు ఎవ్వరూ లేరు బేటా. ఆ కాగితం మా దాకా ఎట్ల వస్తది?" అన్నది.

కోచింగ్ తీర్మానం అక్కడే ఆగిపోయింది.

మన ఫారం ఎవరి చేతికి పోయిందో ఆలోచించండి. మసీదుకు వచ్చినవారికి, అంటే మగవాళ్ళకు. ఆ వారం మొదటి షిఫ్టులో ఉన్న కార్మికుడు పొద్దున యేడింటికి గనిలోకి దిగితే బయటికి వచ్చేది మూడు గంటలకు. జుమా వేళకు అతడు భూమి లోపల ఉన్నాడు. ఆఫీసులో పనిచేసేవారు, రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు, రిటైరైనవారు దొరికారు. ఓపెన్‌కాస్టు మీద కాంట్రాక్టరు దగ్గర లారీ నడిపేవాడు దొరకలేదు. దొరికినవారిలో కూడా ఫారం చదివి నింపి తిరిగి తెచ్చిచ్చింది ఎవరు? చదువొచ్చినవారు. అందులోనూ పిల్లల సంగతి చెప్పుకోవడానికి సంతోషంగా ఉన్నవారు. కొడుకు బడి మానేసి తిరుగుతున్నాడని కాగితం మీద రాసి పదిమంది చేతికి ఇవ్వడానికి ఏ తండ్రికి మనసొస్తుంది? మనం సాయం చేయాలనుకున్నది ఎవరికో, వాళ్ళే మన లెక్కలో లేకుండా పోయారు. ఎవరూ అబద్ధం రాయలేదు. వచ్చిన ప్రతి ఫారమూ నిజమే చెప్పింది. అన్నీ కలిపి చూస్తే మాత్రం మన జనం బొమ్మ కాదది.

యీ తప్పు ఎంత పాతదో మన పెద్దలకు తెలుసు. ప్రవక్త (స) బజారులో వెళుతూ ఒక వ్యాపారి ముందున్న ధాన్యపు రాశిలోకి చెయ్యి పెట్టి చూశారని, పైన పొడిగా ఉన్నా లోపల వేళ్ళకు తడి తగిలిందని హదీసులో విన్నాము. వాన పడిందని వ్యాపారి చెబితే, ఆ తడిసినదాన్ని జనానికి కనబడేట్టు పైన ఎందుకు పెట్టలేదని వారు నిలదీశారు. మోసం చెయ్యకూడదని చెప్పడానికి మనం యీ సంగతి తలుచుకుంటాం. ఇంకొక సంగతి కూడా గమనించండి. వారు పైనున్న గింజలు చూసి వెళ్ళిపోలేదు. చెయ్యి లోపలికి పెట్టారు.

మా ఇంట్లో ఆడవాళ్ళతో యీ విషయం అంటే నవ్వారు. అన్నం ఉడికిందా లేదా అని చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అన్నారు. చాలుతుంది, నిజమే. గిన్నెలో నీళ్ళు మరుగుతూ గింజలన్నిటినీ తిప్పుతుంటాయి. ఏ మెతుకైనా తక్కిన మెతుకుల్లాంటిదే. కాని దమ్ బిర్యానీ దేగ్ ముందు నిలబడి పైనున్న తెల్ల అన్నం నాలుగు మెతుకులు నోట్లో వేసుకొని ఉప్పు చాలలేదంటే బావర్చీ ఊరుకుంటాడా? మసాలా అడుగున ఉంది. కఫ్‌గీర్ అడుగుదాకా దింపి తీస్తేనే రుచి తెలుస్తుంది. కలిసిపోయినదానికి చిటికెడు చాలు. పొరలు పొరలుగా ఉన్నదానికి ప్రతి పొరా తగలాలి. మనుషులు బిర్యానీలాంటివారే, పొరలుగా ఉంటారు. పర్మినెంటు, కాంట్రాక్టు, కాలనీ, బస్తీ, మగ, ఆడ.

మన బొగ్గు బెల్టులో ఉన్నవారికి యీ పాఠం కొత్తది కాదు. ఇక్కడి గనులనుంచి ఎన్టీపీసీకి రైలు మీద బొగ్గు పోతుంది. బొగ్గుకు ధర దాని వేడిమిని బట్టి. 2012 జనవరి నుంచి మన దేశంలో బొగ్గును జీసీవీ లెక్కన, అంటే కిలో బొగ్గు మండితే వచ్చే వేడి లెక్కన, జి-1 మొదలు జి-17 దాకా గ్రేడ్లు కట్టి అమ్ముతున్నారు. ఒక రేకులో వేల టన్నుల బొగ్గుంటుంది. ప్రయోగశాలలో చివరికి మండించి చూసేది ఒక్క గ్రాము చొప్పున. ఆ గ్రాము దేనికి సాక్ష్యమివ్వాలో ఆలోచించండి! వ్యాగనులో బొగ్గు పోసేటప్పుడు పెద్ద గడ్డలు పక్కలకు దొర్లుతాయి, పొడి నడిమికి చేరుతుంది. వాన పడితే పైపొర మారుతుంది. కొనేవాడి మనిషిని వదిలేస్తే రాయి కనిపించినచోట పార వేస్తాడు. అమ్మేవాడి మనిషిని వదిలేస్తే నిగనిగలాడేచోట వేస్తాడు. ఇద్దరూ "చేతికి వచ్చినచోట తీశాం" అనే అంటారు!

అందుకని భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 436 అని బొగ్గు శాంపిలు తీయడానికే ఒక పద్ధతి రాసిపెట్టారు. ఏ వ్యాగన్లనుంచి తీయాలో మనిషి ఇష్టానికి వదలరు, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి ఎంచుతారు. బొగ్గు కంపెనీలకూ కరెంటు కంపెనీలకూ మధ్య జరిగే ఒప్పందాల్లో, ఎంచిన చోట పైపొర కనీసం 25 సెంటీమీటర్లు తీసేసి ఆ కిందినుంచే పార వేయాలని కూడా రాసుకుంటారు. మేము ఫారాలు పంచినప్పుడు ఆ పాతిక సెంటీమీటర్లు తీయలేదు. పైపొర మీదే పార వేశాము. ఇన్నేళ్ళు యీ బొగ్గు మధ్య బతికి కూడా!

ఇంకొందరు పెద్దలు కమిటీలో ఒక మాట అన్నారు. "వెయ్యి ఫారాలు వస్తే సరిపోదా? మరో నాలుగు శుక్రవారాలు పంచుదాం" అని. సరిపోదు. 1936లో అమెరికాలో ప్రెసిడెంటు ఎన్నికకు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. అంత పెద్ద లెక్క చూసుకొని లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోను డైరెక్టరీలనుంచి, కారు రిజిస్ట్రేషన్లనుంచి తీసుకున్నారు. కరువు కాలమది. ఫోనూ కారూ ఉన్నవాడి మాట వేరు, పని పోయి రోడ్డున పడ్డవాడి మాట వేరు. పైగా కార్డులు అందినవారిలో కూడా నాలుగోవంతు మందికి కాస్త అటూ ఇటూగానే జవాబిచ్చారు. అదే ఎన్నికలో గాలప్ అనే ఆయన సుమారు యాభైవేలమందిని అడిగి రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పాడు. డైజెస్ట్ రెండేళ్ళలో మూతపడింది. ఒకే గుమ్మం దగ్గర ఎన్ని శుక్రవారాలు నిలబడినా ఆ తల్లి ఇల్లు మనకు కనపడదు. తప్పు పెద్ద అంకెలతో మరింత గట్టిపడుతుంది, అంతే.

ఇక్కడ పిల్లలు కాస్త శ్రద్ధగా వినాలి. మన తెలుగువారు ఆచార్య సి.ఆర్. రావుగారు 1920లో హడగలిలో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకొని, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాలు పనిచేశారు. 2023లో సాంఖ్యక శాస్త్రానికి ఇచ్చే అంతర్జాతీయ బహుమతి వారికి వచ్చింది. అదే యేడు ఆగస్టులో 102 యేళ్ళ వయసులో కన్నుమూశారు. వారు క్లాసులో మగ విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడిగేవారు. నీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములెందరు, అక్కచెల్లెళ్ళెందరు? ఏ ఊళ్ళో అడిగినా అన్నదమ్ముల సంఖ్యే ఎక్కువగా తేలేది. దేశంలో ఆడపిల్లలు అంత తక్కువా అని కంగారు పడనక్కరలేదు. అడిగిన తీరులోనే ఉంది కిటుకు.

బల్ల మీద లెక్క చేసి చూద్దాం. నాలుగు ఇళ్ళు అనుకోండి. ప్రతి ఇంట్లో ఇద్దరేసి పిల్లలు. మొదటి ఇంట్లో ఇద్దరూ కొడుకులు. రెండో ఇంట్లో కొడుకు, కూతురు. మూడో ఇంట్లో కూతురు, కొడుకు. నాలుగో ఇంట్లో ఇద్దరూ కూతుళ్ళు. మొత్తం నలుగురు మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు. సరిసమానం. ఇప్పుడు మగపిల్లల బడికి వెళ్ళి అడుగుదాం. నలుగురు పిల్లలు లేచి చెబుతారు. మొదటి ఇంటివాళ్ళు ఇద్దరూ "అన్నదమ్ములం ఇద్దరం, అక్కచెల్లెళ్ళు లేరు" అంటారు. తక్కిన ఇద్దరూ "నేనొకణ్ణి, అక్కో చెల్లో ఒకతె" అంటారు. కూడితే అన్నదమ్ములు ఆరు, అక్కచెల్లెళ్ళు రెండు! కొడుకులిద్దరున్న ఇల్లు రెండుసార్లు పలికింది. కూతుళ్ళిద్దరున్న ఇల్లు అసలు పలకనే లేదు. ఒక్కొక్కడు తనను తాను లెక్కలోంచి తీసేసుకుంటే మిగిలేది అన్నదమ్ములు రెండు, అక్కచెల్లెళ్ళు రెండు. రావుగారి క్లాసుల లెక్క కూడా అలా తీసేస్తే దాదాపు సమానానికే వచ్చేది. పిల్లలారా, యిది రేపు మీ క్లాసులో చేసి చూడండి. ఆడపిల్లల బడిలో చేస్తే తలకిందులుగా వస్తుంది.

ఆ నాలుగో ఇల్లు మనకు బస్తీలో ఎదురుపడ్డ తల్లి ఇల్లే. రావుగారిలా సూత్రం వేసి వంకర లెక్కను కొంత సరిచేయవచ్చు. కాని ఆ ఇంట్లో పెద్దపిల్ల బడి ఎందుకు మానేసిందో ఏ సూత్రమూ చెప్పదు. గడప దగ్గరికి వెళ్ళి అడగాలి.

అందరి ఇళ్ళకూ వెళ్ళడం మనవల్ల ఎక్కడవుతుందని మీరు అడగవచ్చు. అక్కరలేదు. 1950లో మహలనోబిస్‌గారి పూనికతో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే దేశమంతటికీ చేసిన పని అదే. 2004-05 నాటి 61వ విడతలో నూరుకోట్లు దాటిన జనానికి సుమారు లక్షా పాతికవేల కుటుంబాలనే అడిగారు. మన సమాజం స్థితిగతుల మీద 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చాలావరకు 2001 జనగణన మీద, ఆ విడత లెక్కల మీద నిలబడింది. ముందు గ్రామాలను, పట్టణంలో వార్డు ముక్కలను పద్ధతి ప్రకారం ఎంచుతారు. అక్కడి ఇళ్ళన్నిటికీ జాబితా రాస్తారు. ఆ జాబితాలోంచి కొన్నిటిని ఎంచుతారు. ఏ ఇల్లు పడుతుందో అడిగేవాడి చేతిలో ఉండదు. చీటీలు వేసి తీసినదాంట్లోనూ కొంత తేడా వస్తుంది. కాని ఆ తేడా ఎంతో అంచనా కట్టవచ్చు, ఇంకొన్ని ఇళ్ళు కలిపితే తగ్గుతుంది. గుమ్మం దగ్గర నిలబడి తీసినదాంట్లో తేడా తగ్గదు, ఎంతుందో తెలియదు కూడా.

అయితే ఆ సర్వే దేశానికీ రాష్ట్రానికీ సరిపోతుంది. మన పెద్దపల్లి జిల్లాలో దాని కింద పడే ముస్లిం ఇళ్ళు బహు కొద్ది. గోదావరిఖని సంగతి దాన్నుంచి తేల్చలేము. మన ఊరి లెక్క మనమే కట్టుకోవాలి.

లెక్క వంకరగా ఉంటే ఏమవుతుందో మన రిజర్వేషన్ల కథే చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఐదు శాతం ఇస్తూ వచ్చిన ఉత్తర్వు హైకోర్టులో నిలవలేదు. 2005లో చేసిన చట్టమూ నిలవలేదు. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ పేర నాలుగు శాతం ఇస్తూ మళ్ళీ చట్టం చేశారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో మెజారిటీ దాన్ని కొట్టివేసింది. బీసీ కమిషన్ సమాచారం సేకరించిన తీరు శాస్త్రీయంగా లేదన్నది అక్కడ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. అదే యేడు మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి మన పిల్లలకు ఆ సీట్లు కొనసాగాయి. తీర్పులో తక్కిన న్యాయసూత్రాల సంగతి వకీళ్ళు చెప్పాలి, మాకు తెలిసింది కాదు. కాని వెనుకబాటు ఉండటం వేరు, దాన్ని ఎవరూ కాదనలేనట్టు లెక్కతో చూపడం వేరు. ఎవరిని అడిగారు, ఎలా ఎంచారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే మన కష్టం కూడా కోర్టులో సాక్ష్యానికి పనికిరాదు.

మొన్న 2024 నవంబరులో మన రాష్ట్రంలో ఇంటింటి కులసర్వే మొదలైంది. అది శాంపిలు కాదు, అన్ని ఇళ్ళకూ వెళ్ళాలన్నదే ఉద్దేశం. అయినా 96.9 శాతం ఇళ్ళే అందాయని, 3.1 శాతం మిగిలాయని ప్రభుత్వమే ప్రకటించింది. తప్పిపోయినవారి కోసం 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మళ్ళీ అవకాశమిచ్చారు. తాళం వేసి ఉన్నవి, వివరాలు చెప్పమన్నవి. మూడు శాతమే కదా అనిపిస్తుంది. అవి అన్ని వర్గాల్లో సమానంగా మిగిలితే పరవాలేదు. గల్ఫుకు పోయిన కొడుకుల ఇళ్ళు, కాగితమంటే భయపడే ఇళ్ళు మనలో ఎక్కువో తక్కువో మీరే చూసుకోండి.

ఇక మేము చేసిన పని. పాత ఫారాలు కట్ట కట్టి పక్కన పెట్టాము, పారెయ్యలేదు. కాలనీలవారీ, బస్తీలవారీ మన ఇళ్ళకు జాబితా రాశాము. ఎయిటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ ఒక కట్టగా, క్వార్టర్లు లేని బస్తీలు ఇంకొక కట్టగా విడదీశాము. ప్రతి కట్టకూ వేరుగా నంబర్లు రాసి, చీటీపాటలో తీసినట్టు డబ్బాలోంచి తీయించాము. తీసింది చిన్నపిల్ల, మేము కాదు. చీటీ పడ్డ ఇంటికి తాళం ఉంటే పక్కింటిని అడిగి రాసుకొని రావడం హరామని కుర్రాళ్ళకు సరదాగా చెప్పాము! మళ్ళీ వెళ్ళాలి. షిఫ్టు మారాక వెళ్ళాలి. మూడోసారి వెళ్ళాలి. ఇంట్లో మగవాళ్ళు లేకపోతే తలుపు తీయరు కనుక మన ఆడపిల్లలే వెళ్ళి లోపల కూర్చొని మాట్లాడారు. వాళ్ళు తెచ్చిన కాగితాల్లో కోచింగ్ మాట అరుదు. పదో తరగతి తప్పి మళ్ళీ ఫీజు కట్టలేనివారు, బస్సు దిగి ఇంటికి నడవాల్సిన దూరానికి భయపడి ఇంటర్ మానిపించిన ఆడపిల్లలు, తండ్రి పోయాక కాంట్రాక్టు పనికెళ్ళిన కుర్రాళ్ళు కనిపించారు. ఆ తల్లి ఇంటి నంబరు చీటీలో పడలేదు. అయినా అలాంటి ఇళ్ళు చాలా పడ్డాయి.

సొమ్ములో కొంత కోచింగుకు ఉంచి, ఎక్కువ భాగం ఓపెన్ స్కూలు ఫీజులకు, సప్లిమెంటరీ పరీక్షల ఫీజులకు, ఆడపిల్లల బస్సు పాసులకు కేటాయించాలని కమిటీలో ప్రతిపాదన పెట్టాము. కోచింగ్ ఆశ పెట్టుకున్న తండ్రులు కొందరు మా మీద కోపంగా ఉన్నారు. వారి కోపంలో న్యాయం లేకపోలేదు, వారి పిల్లలూ మన పిల్లలే. కాని తీర్మానం ఓటుకు పెట్టేముందు ఇంకా పని మిగిలి ఉంది. చీటీ పడ్డ ఇళ్ళలో కొన్ని మూడుసార్లు వెళ్ళినా తాళంతోనే ఉన్నాయి. ఎక్కువభాగం బస్తీల కట్టలోవే. వాటిని వదిలేసి లెక్క ముగిస్తే మళ్ళీ మొదటి తప్పే చేసినట్టు.

వచ్చే ఆదివారం ప్లేడే నాడు అసర్ నమాజు తర్వాత ఆ ఇళ్ళకు నాలుగోసారి వెళుతున్నాము. స్కూటరున్నవారు నలుగురు, ఇంటర్ దాటిన ఆడపిల్లలు ఆరుగురు కావాలి. పేర్లు భోజనాల పందిరి దగ్గర కార్యదర్శిగారికి రాయించండి. దేగ్ మూత తీస్తున్నారని కబురొచ్చింది, ఇక మిమ్మల్ని ఆపడం భావ్యం కాదు. వస్సలాం.